పోర్ట్‌బ్లెయిర్‌కి రెండు జానల దారం

విమానం టికెట్లు అమ్మే ఆఫీసులో ముప్పై ఏళ్లకు కాస్త తక్కువగా కూర్చుని రిటైరయ్యాను. రిటైరవడం అంటే పెద్ద మాట, మాదేమీ సర్కారు నౌకరీ కాదు. మోకాళ్లు ఇక మావల్ల కాదన్నాయి, మా యజమాని శాలువా కప్పి నాలుగు మంచి మాటలు చెప్పాడు, ఇంటికొచ్చేశాను. ఇప్పుడు నా సీట్లో కూర్చుంటున్న అమ్మాయి అప్పుడప్పుడు ఫోన్ చేసి పాత కబుర్లు అడుగుతుంటుంది. ఫోన్లలో ఇవన్నీ రాకముందు, ఫలానా ఊరు ఎంత దూరం, ఎంతసేపట్లో వెళ్తాం అని ఎవరైనా అడిగితే ఏం చెప్పేవారు ఆంటీ అని మొన్న అడిగింది. దారంతో కొలిచి చెప్పేదాన్ని అన్నాను. పడి పడి నవ్వింది. ఆ దారం సంగతి మొత్తం చెబుదామని నోటిదాకా వచ్చింది గానీ, సిగ్గేసి మాట మార్చేశాను. ఇదేమీ రహస్యం కాదు, మా డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో, అదే రైల్వే వ్యాగన్ వర్క్‌షాపు కాలనీలో, పాతవాళ్లు ఎవరిని కదిపినా చెబుతారు. అయినా సరే నా నోటితో చెప్పలేకపోయాను. అందుకని రాస్తున్నాను. అమ్మాయ్, నువ్వూ నీతోటి పిల్లలూ కుదిరితే చదవండి.

మా ఆఫీసు రాయపూర్‌ పండరీ బజారులో, బట్టల దుకాణాల మీద మేడ గది. కింద బట్టల తానులు విసిరే చప్పుడు, పైన మా ఫోన్లు. వచ్చేవాళ్లలో సగం మంది బట్టల వ్యాపారులే. నా కుర్చీ వెనక గోడకి పెద్ద భారతదేశం పటం ఉండేది. రాయపూర్ మీద ఒక గుండుసూది గుచ్చి, దానికి ఎర్ర దారం కట్టింది నేనే. ఎవరైనా దూరం అడిగితే లేచి దారం లాగి ఆ ఊరి మీద పెట్టేదాన్ని, జానతో కొలిచేదాన్ని. ఇన్ని వందల కిలోమీటర్లు, విమానం గంటకి ఇంత పోతుంది, కాబట్టి గంటన్నర, రెండు గంటలు అని చెప్పేదాన్ని. చెప్పిన లెక్క దాదాపు సరిపోయేది. వ్యాపారులు ముచ్చటపడి పక్కవాళ్లకి చూపించేవాళ్లు. నేనూ కొంచెం పొంగిపోయేదాన్ని అని ఒప్పుకోవాలి. వర్క్‌షాపులో వ్యాగన్లు బాగుచేసే ఫిట్టర్ కూతురిని, ఆకాశంలో దారులు కొలిచి చెబుతున్నానని నాకు లోపల ఒకటే గర్వం.

ఆ ఆకాశం మీద నాకున్న జ్ఞానమంతా రైలు పట్టాల మీద నేర్చుకున్నదే. ఇది కాస్త చెప్పాలి, లేకపోతే నేను చేసిన పని మీకు ఉత్త తెలివితక్కువతనంలా కనబడుతుంది. మా కాలనీలో తెలుగువాళ్లం చాలామందిమి శ్రీకాకుళం వైపు వాళ్లం. ఊరెళ్లాలంటే రాత్రి బండెక్కి, కొండలు దిగి, పొద్దున్న విజయనగరంలో బండి మారాలి. అక్కడ పలాస వైపు వెళ్లే పాసింజరు లింకు బండి. మన బండి ఆలస్యమైతే ఆ బండి ఆగేది. ఆగకపోతే ఆపించేవాళ్లు. కాలనీలో ఎవరికో ఒకరికి కంట్రోల్ ఆఫీసులో తెలిసినవాళ్లు ఉండేవాళ్లు, ఇక్కడినుంచి ఒక ఫోను వెళ్లేది, ఫలానా బండిలో లింకు పాసింజర్లు ఉన్నారు, కాస్త చూడండి అని. మేం ముసలమ్మలతో, పెట్టెలతో, పిల్లలతో వంతెన దిగి పరుగెత్తుతుంటే ఆ గార్డు జెండా చంకలో పెట్టుకుని, రండి రండి అని పిలిచేవాడు. నాకు ప్రయాణం అంటే అదే. బండ్లు ఒకదాని కోసం ఒకటి ఆగుతాయి. చిన్నప్పటినుంచి అంతే చూశాను.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో విమానాలూ అలాగే ఉండేవి. రాయపూర్‌కి వచ్చేవే ఒకటో రెండో, ఎయిర్‌పోర్టులో మేనేజరు మాకు పేరుపేరునా తెలుసు. ఒకసారి ఒక బట్టల సేఠ్ దారిలో ఇరుక్కుపోతే నేను ఫోన్ చేసి పది నిమిషాలు ఆపించాను. ఆ కథ నేనే ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. మా ఆఫీసులో నాకంటే సీనియర్ ఒక బెంగాలీ పెద్దమనిషి, అందరం దాదా అనేవాళ్లం. నేను ఆ కథ ఎత్తుకున్నప్పుడల్లా ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, ఆ రోజు పైలట్ టీ తాగుతున్నాడు, అందుకని ఆగింది అనేవాడు. నాకు ఒళ్లు మండేది.

ఇక అసలు మనిషి దగ్గరికి వస్తాను. మా ఆయనదీ వర్క్‌షాపు ఉద్యోగమే, అందుకని పెళ్లయి కూతురు పుట్టాక కూడా నేను కాలనీలోనే ఉన్నాను, నాన్న మాతోనే. మా వరసలోనే నాలుగు క్వార్టర్ల అవతల ఒక మావయ్య ఉండేవాడు. చుట్టరికం ఏమీ లేదు, మా నాన్నతో కలిసి వర్క్‌షాపులో పనిచేసే వెల్డరు, వయసులో నాన్నకంటే బాగా చిన్న. ఆయన చెల్లెలు ఒక ఆడపిల్లని కని చిన్నవయసులోనే పోయింది. బావగారిది పోర్ట్‌బ్లెయిర్ హార్బర్‌లో పని. అండమాన్‌లో మనవాళ్లు ఎంతమందో, ఒక వీధికి వీధి శ్రీకాకుళమే అంటారు. తల్లిలేని పిల్లని అక్కడ ఒక్కడూ చూసుకోలేక తండ్రి ఈ మేనమామ దగ్గర వదిలాడు. పిల్లాజెల్లా లేని ఈ దంపతులు దాన్ని కళ్లలో పెట్టుకుని పెంచారు. పదో తరగతి అయ్యేదాకా మా కాలనీ పిల్లే అది.

ఆరో ఏడో చదువుతున్నప్పుడు ఒకసారి మావయ్యతో మా ఆఫీసుకి వచ్చింది. పటం ముందు నిలబడి, మా నాన్న ఎంత దూరంలో ఉన్నాడు అని అడిగింది. నేను దారం లాగి సముద్రం మీదుగా తీసుకెళ్లి ఆ చుక్కల మధ్య పెట్టాను. రెండు జానలకి కాస్త తక్కువ. పదహారు వందల కిలోమీటర్లు ఉంటుంది, తిన్నగా వెళ్లే విమానం ఉంటే రెండు గంటలు, నీ స్కూలు ఇంటర్వెల్లు అయ్యేలోపు వెళ్లిపోవచ్చు అన్నాను. ఆ పిల్ల తన జానతో కొలుచుకుంది. దాని చెయ్యి చిన్నది, మూడొచ్చాయి. తిన్నగా వెళ్లే విమానం ఉందా అని అడిగింది. లేదు, మధ్యలో మారాలి అన్నాను. ఆ తర్వాత పదో తరగతి అవగానే తండ్రి వచ్చి తీసుకెళ్లిపోయాడు. దాన్ని బండెక్కించి వచ్చి మావయ్య వారం రోజులు డ్యూటీకి వెళ్లలేదు.

ఏళ్లు గడిచాయి. రాయపూర్ ఎయిర్‌పోర్టుకి కొత్త టెర్మినల్ వచ్చింది, నయా రాయపూర్ రోడ్లు పడ్డాయి, చవక విమానాలు బస్సుల్లా తిరగడం మొదలుపెట్టాయి. ఒక కంపెనీ కలకత్తాకి పొద్దున్నే నడిపేది, ఇంకో కంపెనీ కలకత్తా నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి నడిపేది. అప్పుడు ఒక మాఘమాసంలో ఆ పిల్ల పెళ్లి కుదిరింది. గోధూళి లగ్నం, పోర్ట్‌బ్లెయిర్‌లోనే. అత్తయ్య నెల ముందే కాలనీ ఆడవాళ్లు ఇద్దరితో విశాఖపట్నం నుంచి ఓడెక్కి వెళ్లిపోయింది. మావయ్యకి అన్ని రోజులు సెలవు దొరకలేదు.

మా వైపు పెళ్లిలో పెళ్లికూతురు నడిచి మండపానికి రాదు. వెదురు గంపలో కూర్చోబెట్టి మేనమామ ఎత్తుకొస్తాడు. ఎంత పెద్ద అత్తింటివాళ్లొచ్చినా ఆ కాసేపు ఆడపిల్లకి తల్లివైపు మనిషే దిక్కు. తల్లి లేని పిల్లకి అది ఎంత పెద్ద సంగతో వేరే చెప్పక్కర్లేదు. పైగా ఆ పిల్ల ఫోన్లో, గంప ఇక్కడ దొరికేది వద్దు మావయ్యా, మన రాయపూర్ బజారుదే కావాలి అని అడిగిందట. మావయ్య వెదురు పనివాళ్ల దగ్గర కూర్చుని, తనకి నచ్చినట్టు గట్టిగా అల్లించి, పసుపు రాసి, అంచుకి ఎర్ర గుడ్డ కట్టించాడు. అది చంకన పెట్టుకునే మా ఆఫీసు మెట్లెక్కాడు, విమానంలో పడుతుందో లేదో నాకు చూపించడానికి.

ఆయన వచ్చింది ఒక్క టికెట్ కోసమే. కలకత్తా దాకా తన రైల్వే పాస్ మీద మెయిల్ బండిలో వెళ్తాను, పెళ్లికి ముందు రోజు మధ్యాహ్నానికి హౌరాలో దిగుతాను, ఆ రాత్రి అక్కడే ఎక్కడో తలదాచుకుని, తెల్లారి పోర్ట్‌బ్లెయిర్ విమానం ఎక్కుతాను అని తన పథకం చెప్పాడు. వినగానే నాకు నవ్వొచ్చింది. వెనక్కి తిరిగి దారం లాగాను. రాయపూర్ నుంచి కలకత్తా, జాన కూడా లేదు.

"గంటంపావు మావయ్యా. దానికోసం రాత్రంతా బండిలో నలిగి, కలకత్తాలో ఒక పూట ఎక్కడ పడుంటావు? పెళ్లినాడు పొద్దున్న ఇక్కడే టీ తాగి ఎక్కు. మధ్యాహ్నం భోజనం మీ అమ్మడి పక్కన కూర్చుని తిను."

"మద్దిలో మారాలి కదేటి అమ్మీ?"

"మారితే ఏం? లింకు ఉంది కదా."

ఆ ఒక్క మాటతో ఆయన ముఖం విప్పారింది. రైల్వే మనిషికి లింకు ఉందంటే ఇంక అడగడానికి ఏముంటుంది. సెలవు ఒక రోజు మిగులుతుంది, తిరిగొచ్చేటప్పుడు అమ్మడి దగ్గర ఇంకో రోజు ఉండొచ్చు అని కూడా నేనే లెక్కేసి చెప్పాను. సరే అలాగే కానీ అన్నాడు. రెండు విమానాల మధ్య గంటన్నర లోపే ఉంది. నాకది బోలెడు టైము అనిపించింది, విజయనగరంలో మేం పది నిమిషాల్లో వంతెన దాటేవాళ్లం.

ఆయన మెట్లు దిగాక దాదా నా టేబుల్ దగ్గరకొచ్చాడు. రెండు కంపెనీలు, రెండు వేరే టికెట్లు, మొదటిది ఆలస్యమైతే రెండోవాళ్లకి నీ మనిషి ఎవరో కూడా తెలియదు, ఒక రోజు ముందు పంపు అన్నాడు. ఆయన చెప్పింది అంతే, గొంతు కూడా పెంచలేదు. మా వాళ్ల ప్రయాణాలు నాకు తెలుసు దాదా, అవసరమైతే ఫోన్ చేస్తాను అన్నాను నేను. ఎంత పొగరుగా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే ఒంటరిగా ఉన్నా ముఖం దాచుకోబుద్ధేస్తుంది. దాదా భుజాలు ఎగరేసి తన సీటుకి వెళ్లిపోయాడు.

పెళ్లినాడు పొద్దున్న రాయపూర్‌లో ఎండ చక్కగా కాసింది. పొగమంచు పట్టింది ఢిల్లీలో. మా కలకత్తా విమానం ఢిల్లీ నుంచే ఇక్కడికి రావాలి. నేను ఆఫీసు తాళం తీస్తుండగా మావయ్య ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్ చేశాడు. విమానం ఇంకా రాలేదని, బోర్డు మీద టైము మార్చి మార్చి చూపిస్తున్నారని చెప్పాడు. ఆయన గొంతులో కంగారు కన్నా, నన్ను ఇబ్బంది పెడుతున్నానేమో అన్న మొహమాటం ఎక్కువగా ఉంది.

"కంగారు పడకు మావయ్యా. కలకత్తాకి నేను ఫోన్ చేస్తాను."

"ఆపుతారంటావేటి?"

"ఆపుతారు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. టికెట్ తప్పుగా చేశాను, అది ఒక తప్పు. కానీ ఆ మాట నమ్మి ఆయన వెంటనే పోర్ట్‌బ్లెయిర్‌కి ఫోన్ చేసి, ఆలస్యమవుతుంది గానీ వచ్చేస్తున్నాను, విమానం ఆపుతారట, మన అమ్మాయి చెప్పింది అని పెళ్లివారికి కబురు పెట్టాడు. అక్కడ పెద్దలు అప్పటికే ఒక ఏర్పాటు ఆలోచించారట. పెళ్లికూతురి తల్లికి దూరపు వరసలో తమ్ముడయ్యే ఒకతను, పడవల మీద పనిచేసేవాడు, ఆ ఊళ్లోనే ఉన్నాడు, ఎందుకైనా మంచిదని డ్యూటీ మానుకుని ఇంట్లో ఉండమన్నారట. మావయ్య వస్తున్నాడని తెలిసి అతన్ని డ్యూటీకి పంపేశారు. అతను ఎక్కిన పడవ ఇంకో దీవికి వెళ్లిపోయింది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నేను చాలా ధీమాగా ఫోన్ అందుకున్నాను.

కలకత్తాలో పోర్ట్‌బ్లెయిర్ విమానం నడిపే కంపెనీ వాళ్ల ఫోన్ చాలాసేపు మోగాక ఒక కుర్రవాడి గొంతు పలికింది. నేను రాయపూర్ నుంచి అని, మా పాసింజర్ ఫలానా విమానంలో వస్తున్నాడని, ఒక పావుగంట చూడమని హిందీలో చెప్పాను. ఫలానా విమానం మా కంపెనీది కాదు మేడమ్ అన్నాడు. తెలుసు, అయినా కనెక్షన్ కదా అన్నాను. అతను ఏదో చూసి, ఎంతో మర్యాదగా చెప్పాడు.

"మీ పాసింజర్ మాకు కలకత్తాలోనే మొదలవుతాడు మేడమ్. అంతకు ముందు ఆయన ఎక్కడున్నాడో మాకు సంబంధం లేదు."

నేను పెళ్లి అన్నాను. మేనమామ అన్నాను, గంప అన్నాను, ఆయన ఎత్తకపోతే ఆ పిల్ల మండపానికి రాదు అన్నాను. హిందీలో ఆ గంప సంగతి చెబుతుంటే నా చెవులకే పిచ్చిమాటల్లా వినబడ్డాయి. అతను అంతా ఓపిగ్గా విని, శుభాకాంక్షలు మేడమ్ అని ఫోన్ పెట్టేశాడు. నేను రిసీవర్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. ఆ గదిలో అందరూ విన్నారు.

అప్పటినుంచి దాదా లేచి నా పక్కన కుర్చీ వేసుకున్నాడు. నేను చెప్పానా అని ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. ఇద్దరం చెరో ఫోనూ పట్టుకుని, కలకత్తా నుంచి, చెన్నై నుంచి, ఉన్న విమానాలన్నీ వెతికాం. ఆ రోజుల్లో పోర్ట్‌బ్లెయిర్‌లో మధ్యాహ్నం దాటితే విమానం దిగేది కాదు. ఉన్నవన్నీ పొద్దున్నే వెళ్లిపోతాయి, ఆ తర్వాత ఏం చేసినా మర్నాడే. కలకత్తా నుంచి చివరిది ఒకటి మిగిలింది, దాంట్లో సీటు లేదు. దాదా కలకత్తాలో తనకి తెలిసినవాళ్లందరికీ బెంగాలీలో బతిమాలాడు. మావయ్య కలకత్తాలో దిగేసరికి ఆయన ఎక్కాల్సిన విమానం కౌంటర్ మూసేశారు. గంప బెల్టు మీదికి అందరి సామాన్ల తర్వాత వచ్చిందట. దానికోసం నిలబడకపోతే అందుకునేవాడేమో అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం, గంప లేకపోయినా అందేవాడు కాదు. తప్పు గంప మీదికి నెట్టడానికి కూడా వెనుకాడలేదు నేను.

మా యజమాని మధ్యాహ్నం వచ్చి సంగతి విని, ఇలాంటివి జరుగుతుంటాయి, ఛోడో, వదిలేయ్ అన్నాడు. మంచివాడే, ఓదార్చడానికే అన్నాడు. నాకు మాత్రం ఆయన ముఖం చూడాలనిపించలేదు. నాలుగింటికే ఇంటికొచ్చేశాను. కాలనీలోకి అడుగుపెట్టేసరికి కబురు నాకంటే ముందే చేరింది, వీధి కుళాయి దగ్గర ఆడవాళ్లు నన్ను చూసి మాటలాపారు. మా నాన్న వరండాలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచాడు. చెప్పులేసుకుని, తాళం వేసి ఉన్న మావయ్య క్వార్టరు మెట్టు మీదికి వెళ్లి కూర్చున్నాడు. అక్కడ ఎవరూ లేరని ఆయనకీ తెలుసు.

ఇక్కడ ఇంకా వెలుగుండగానే అక్కడ పొద్దుగుంకుతుంది. మా ఇంట్లో దీపం కూడా పెట్టకముందే మావయ్య ఫోన్ వచ్చింది, కలకత్తా ఎయిర్‌పోర్టు నుంచి.

"అయిపోనాదంటమ్మీ. ఎవులు మోస్తామన్నా గంపలో కూకోనందంట. నడిసి ఎల్లిందంట."

ఫోన్లో వెనకాల ఏవో విమానాల పేర్లు పిలుస్తున్నారు. ఆయన ఏ వెటకారమూ లేకుండా, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

"రేపటి విమానం ఆగుతాదా, నానే ముందెల్లి కూకోవాలా?"

"నువ్వే ముందెళ్లి కూర్చో మావయ్యా" అన్నాను.

మర్నాడు ఆయన వెళ్లేసరికి పెళ్లికూతురు అత్తారింటికి బయలుదేరుతోంది. ఆ పిల్ల గంప అంచుకి కట్టిన ఎర్ర గుడ్డ పట్టుకుని చూసి, మన బజారుదే అన్నదట. వాడని పెళ్లిగంప ఆ ఇంట్లో ఉంచకూడదని ఎవరో పెద్దావిడ అంటే, ఆయన దాన్ని మళ్లీ విమానం ఎక్కించి, రైలెక్కించి వెనక్కి తెచ్చుకున్నాడు. స్టేషన్ నుంచి దాన్ని చంకన పెట్టుకుని కాలనీలోకి నడిచి వస్తుంటే మా కిటికీలోంచి చూశాను. తలుపు తీసి ఎదురెళ్లలేకపోయాను.

ఆ తర్వాత కాలనీలో నాకొక బిరుదు మిగిలింది. వినాయక చవితి పందిట్లో హారతికి ఎవరైనా ఆలస్యమైతే, అమ్మాయికి చెప్పండ్రా, ఫోన్ చేసి ఆపిస్తుంది అనేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని, ఏం చేస్తాను. ఒక్క మావయ్య మాత్రం ఎప్పుడూ ఆ నవ్వులో కలవలేదు. ఎదురైతే, ఎలాగున్నావమ్మీ అనేవాడు. ఆయన అలా పలకరించకుండా ఉంటే బాగుండునని, ఆయన గుమ్మం ముందునుంచి కాకుండా చుట్టు తిరిగి వెనక సందులోంచి ఆఫీసుకి వెళ్లడం అలవాటు చేసుకున్నాను. ఆఫీసులో గోడ మీది దారం నేనే తీసేశాను. సూది మాత్రం అక్కడే ఉండిపోయింది. ఆ తర్వాత ఎవరైనా మధ్యలో మారే టికెట్ అడిగితే ఒక రోజు ముందు పంపేదాన్ని. వ్యాపారులు విసుక్కునేవాళ్లు, నాకు చాదస్తం పట్టుకుందని దాదాతో చెప్పేవాళ్లు. దాదా కళ్లజోడు తుడుచుకుంటూ, ఆవిడ చెప్పినట్టు వినండి అనేవాడు.

అమ్మాయ్, ఇంతవరకే అయితే ఉద్యోగంలో పొరపాటు అనుకోవచ్చు. అందరం చేస్తాం, నువ్వూ చేస్తావు. నాకు ఇప్పటికీ తల వంగిపోయేది దీనికి కాదు, ఆ తర్వాత నేను చేసిన ఇంకో పనికి.

కొన్నేళ్లకి నా కూతురి పెళ్లి కుదిరింది, కాలనీ కమ్యూనిటీ హాల్లోనే. మా తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటాడు. వాణ్ని రెండు రోజుల ముందే రైల్లో రప్పించాను, విమానం అన్నాడని ఫోన్లోనే పోట్లాడాను. అన్నీ సవ్యంగా జరుగుతున్నకొద్దీ నా మనసులో ఒక ఆలోచన మొదలైంది. మా అమ్మాయి గంపకి మావయ్య చేత ఒక పక్క పట్టిస్తే? మా తమ్ముడికి నడుం నొప్పి ఎలాగూ ఉంది, ఇంకొకరి చెయ్యి కావాలి. పైగా ఆయన దగ్గర ఆ గంప అలాగే ఉంది, అటక మీద. దాన్నే అడిగితే ఆయనకీ ఊరటగా ఉంటుంది అనుకున్నాను. ఎంత గొప్ప ఆలోచన చేశానో అని కళ్లు కూడా తడి చేసుకున్నాను. శుభలేఖ, పసుపు కుంకుమ పట్టుకుని చాలా ఏళ్ల తర్వాత ఆయన గుమ్మం ఎక్కాను.

అత్తయ్య కుర్చీ వేసి మంచినీళ్లిచ్చింది. నేను చెప్పదలుచుకున్నది చెప్పాను. మావయ్య విన్నాడు. లేచి స్టూలు వేసుకుని అటక మీదినుంచి గంప దించాడు, తువ్వాలుతో దుమ్ము దులిపాడు. ఎర్ర గుడ్డ కాస్త వెలిసింది, అల్లిక ఎక్కడా సడలలేదు. నా కాళ్ల దగ్గర పెట్టాడు.

"గంప అట్టుకెల్లు. ఆ రోజుకి నానూ మీ అత్తా వొస్తాం, తింటాం, పిల్లకి అచ్చింతలేస్తాం. సెయ్యి మాత్రం ఎయ్యను."

"ఎందుకు మావయ్యా?" అని అడిగాను. అడగకుండా గంప తీసుకుని రావాల్సింది.

ఆయన అత్తయ్య వంక ఒకసారి చూశాడు.

"నా మేనకోడలికే పట్టనేదమ్మీ. ఇప్పుడు నీ కూతురికి పడితే నీకు బాగుంటాది. నాకు బాగోదు."

కోపంగా అనలేదు. బయట ఎండ ఎక్కువగా ఉంది, గొడుగు తీసుకెళ్తావేటి అని అడిగిన గొంతుతోనే అన్నాడు. నేను ఎందుకొచ్చానో ఆ మాటతో నాకు అర్థమైంది. ఆయన ఊరట కోసం వెళ్లలేదు. నా బరువు దింపుకోవడానికి వెళ్లాను, దాన్ని ఆయన చేతుల్లో పెట్టబోయాను. అది కూడా ఒక పని సాయంలా, నా దయలా చెప్పాను. ఆ రోజు పడ్డ సిగ్గు, కలకత్తా కుర్రవాడు ఫోన్ పెట్టేసినప్పుడు కూడా పడలేదు. గంప తలకెత్తుకుని ఇంటికి నడిచాను. అది అనుకున్నంత బరువు లేదు, వెదురు గంప ఎంతని ఉంటుంది.

పెళ్లినాడు మా అమ్మాయి ఆ గంపలో కూర్చుంది. మా తమ్ముడు ఒక పక్క, వాడి బావమరిది ఇంకో పక్క పట్టి లేపారు. వాళ్ల చేతుల్లో అది ఒరిగేసరికి పిల్ల కిందపడతానేమోనని అంచు పట్టుకుని నవ్వింది, హాలంతా నవ్వింది. నేను జనం మీదుగా మావయ్య కోసం చూశాను. ఆయన వెనక వరసలో, ఫ్యాను కింద నిలబడి గంపనే చూస్తున్నాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని ఉన్నాడు. గంప ఆయన పక్కనుంచే వెళ్లింది, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా. ఆయన ఒక అడుగు వెనక్కి వేసి దారి ఇచ్చాడు.

తాళి కట్టేటప్పుడు అక్షింతలు వేయడానికి మాత్రం ఆ చేతులు ముందుకొచ్చాయి. వేసి, మళ్లీ వెనక్కి పెట్టుకున్నాడు.